పిట్టల మడి

పోయిన వానాకాలం నేను పదకొండు లక్షల బస్తాల జొన్నలు పండించాను. అబద్ధమైతే మా ఊరి మీదుగా పోయే విమానాలన్నీ మా డాబా మీదే దిగనీ. అటు శంషాబాద్ నుంచి ఇటు మంఖాల్ దాకా కుర్మయ్యంతటి రైతు ఇంకొకడు ఉంటే తీసుకురండి, వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకుంటాను. నాగలి ముట్టలేదు. ఎద్దు తోక మెలిపెట్టలేదు. కాలికి చిటికెడు మట్టి అంటలేదు. హాల్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒక్క చూపుడువేలితో పండించాను.

అవును, కంప్యూటర్లోనే. అయితే ఏమైంది? బస్తా బస్తానే.

మాది మామిడిపల్లి. మా ఇళ్ల మీద విమానాలు ఎంత కిందికి వస్తాయంటే, కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు మా పొయ్యి మీద ఏం కూర ఉడుకుతుందో చెప్పగలరు. ఒకసారి మా కోడలు మాధవీలత డాబా మీద ఆరేసిన ఎర్రచీర రెక్కకు చిక్కుకుని ఢిల్లీ దాకా పోయింది. సాయంత్రం విమానానికి తిరిగి వచ్చింది, ఇస్త్రీ అయి మరీ. కోడలు విమానాశ్రయంలోనే పనిచేస్తుంది, నమ్మకపోతే అడగండి.

నేను చిన్నప్పటి నుంచీ ఇంతే. ఏడో తరగతిలో మా పంతులు, "నోరు మూస్తే నీ పానం పోతదారా కుర్మిగా?" అని నన్ను బెంచీ ఎక్కించాడు. బెంచీ మీద నుంచి ఇంకా బాగా వినిపిస్తుందని అక్కడి నుంచే మాట్లాడాను. పెళ్లయి యాభై రెండేళ్లయింది. పొద్దున లేచింది మొదలు నా భార్య తారాబాయి నాతో అనే మాట ఒక్కటే: "జరసేపు నోరు మూయరాదా?" ఆ ఒక్క కోరికా నేను తీర్చలేదు.

మృగశిర కార్తె వచ్చిన మూడో రోజు, ఇంటి వెనక నల్లా దగ్గర పాకుడు మీద తారాబాయి కాలు జారింది. తుంటి ఎముక విరిగింది. ఆరాంఘర్ అవతల దవాఖానలో లోపల కడ్డీ వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టి, "ఎముక అతుకుతుంది పెద్దాయనా, దాని సంగతి నేను చూసుకున్నాను. నడిపించడం మీ వంతు. దసరాకల్లా నడవాలి. లేదంటే ఈ వయసులో ఇక మంచం వదలదు" అన్నాడు.

నడిపించడానికి ఎవాంజెలిన్ అనే అమ్మాయి రోజు విడిచి రోజు శంషాబాద్ నుంచి స్కూటీ మీద వచ్చేది. కాళ్లకు కసరత్తు చేయించడం ఆమె చదువు. వస్తూనే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, "అవ్వా, ఇయ్యాల ఎన్ని అడుగులు?" అనేది నవ్వుతూ. నాలుగు కాళ్ల వాకరు ఒకటి తెచ్చి మంచం పక్కన నిలబెట్టింది. తారాబాయి దాన్ని పట్టుకుని ఒకసారి లేచింది. రెండో అడుగుకు ఒళ్లంతా జ్వరం వచ్చినట్టు వణికింది. కూర్చుంది. మరునాటి నుంచి ఆ వాకరు మీద తడి తువ్వాలలు ఆరేయడం మొదలుపెట్టింది.

"గిదేందవ్వా, దీన్ని దండెం చేసినవ్?" అంది ఎవాంజెలిన్.

"ఇంటికొచ్చిన చుట్టం ఊకె నిలబడితె ఏం బాగుంటది బిడ్డా. ఏదో ఒక పని చెయ్యనీ," అంది తారాబాయి, గోడవైపు తిరిగి.

మాట ఆమెదే. కానీ గోడవైపు తిరగడం ఆమెది కాదు. ఏ మనిషితో మాట్లాడినా, చివరికి ఎద్దుతో మాట్లాడినా, కళ్లలోకి చూసి మాట్లాడే మనిషి అది. రోజులు గడిచినకొద్దీ ఆ గోడతోనే ఎక్కువ కాపురం చేయసాగింది.

డిగ్రీ చదివే మా మనవరాలు మనీషా ఒక ఉపాయం చేసింది. దాని దగ్గర పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. బ్యాటరీ చచ్చిపోయింది, తీగ గోడకు గుచ్చి ఉంటేనే ప్రాణం. తారాబాయి గదిలో ఉన్న ఒకే ఒక్క ప్లగ్గు గాలిపరుపు మోటారుకు పోయింది. వీపు పుండ్లు పడకుండా ఆ పరుపు పొద్దస్తమానం గుర్రుమంటూ ఉబ్బుతూ తగ్గుతూ ఉండేది. మనీషా ఆ మోటారును పది నిమిషాలు ఆపి, ల్యాప్‌టాప్ పెట్టి, బ్రౌజర్లో ఏదో తెరిచింది. తెరంతా పచ్చటి మడులు.

"నానమ్మా, ఇది చేను. పైస ఖర్చు లేదు. ఈ మడి మీద నొక్కితే విత్తనం పడతది. దానంతట అదే పెరుగుతది."

తారాబాయి తల తిప్పింది. "నీళ్లెవరు పెడతరు?"

"ఎవ్వరు పెట్టొద్దు."

"కలుపు?"

"కలుపే రాదు."

"నువ్వు కాలేజికి పోతె?"

"మూసేసి పోయినా పండుతనే ఉంటది. మళ్ల తెరిస్తే, నువ్వు లేనప్పుడు గిన్ని బస్తాలయినయని అదే చెప్తది."

తారాబాయి కాసేపు తెరను చూసింది. బజార్లో వంకాయ ముచికను వేలితో నొక్కి చూసే చూపు అది.

"మరి పిట్టలు?"

"దీంట్ల పిట్టలుండయి నానమ్మా."

"పిట్ట వాలని చేను చేనెట్లయితది బిడ్డా," అని మళ్లీ గోడవైపు తిరిగింది.

మనీషా ముఖం చిన్నబోయింది. గాలిపరుపు మోటారు మళ్లీ గుర్రుమంది. నేను మాత్రం ఆ తెరవైపు గుడ్లప్పగించి చూస్తున్నాను. నీళ్లు పెట్టక్కర్లేదు, కలుపు తీయక్కర్లేదు, పడుకుంటే పండుతుంది. జీవితమంతా నేను వెతికిన చేను ఇదే. యాభై ఏళ్లు ఆలస్యంగా దొరికింది.

"ఇటియ్యి, నేను జేస్త సేద్యం," అన్నాను.

"నీకు తగ్గ చేనే దొరికింది పో," అంది గోడవైపు నుంచి తారాబాయి.

ఇక్కడ నేను ఒక మాట దిద్దుకోవాలి. మొదట్లో రైతునని మీసం తిప్పాను కదా, ఆ మీసం కిందికి దించేస్తున్నాను. మా నాలుగెకరాలు ఉన్నన్నాళ్లూ సేద్యం చేసింది తారాబాయి. నేను గట్టు మీది రైతును. నేను దున్నితే సాలు పాము పోయినట్టు పోయేది. ఎడ్లు వెనక్కి తిరిగి చూసి సిగ్గుతో తల వంచుకునేవి. "మడికి నీళ్లు మళ్లించినవా?" అని ఆమె అడిగితే, మళ్లించకుండానే మళ్లించానని చెప్పి, కాలువలో దొరికిన చేప కథ కూడా చెప్పేవాణ్ణి. ఆమె అరిగిన చెప్పులేసుకుని పోయి తనే చూసుకునేది. నా మాట మీద ఆమె ఏనాడూ పంట వదల్లేదు.

జొన్న పాలు పట్టిన రోజుల్లో మంచె మీద నిలబడేది కూడా ఆమే. తాడు మడతలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరే వడిసెల ఆమె చేతిలో ఉంటే చిలకలు దారి మార్చుకునేవి. "హోయ్!" అని ఆమె అరిస్తే మంఖాల్లో కోళ్లు గంప కిందికి దూరేవి. చేలు పోయాయి, అరుపు పోలేదు. కొత్త విమానాశ్రయానికి మొదటి విమానం మా ఇంటి మీదుగా దిగిన రోజు, చేతిలో చీపురుతో బయటికి ఉరికి, ఆకాశం వైపు చూసి "హోయ్!" అంది. ఊరంతా నవ్వింది. విమానం మాత్రం శంషాబాద్ వైపు తప్పుకుంది.

అట్లాంటి మనిషి ఇప్పుడు గోడను చూస్తూ పడుకుంది.

నేను హాల్లో టీవీ పక్కన ప్లగ్గు దగ్గర సేద్యం మొదలుపెట్టాను. మా హాలు నుంచి ఆమె మంచానికి పన్నెండు అడుగులు. ఎవాంజెలిన్ కొలిచి చెప్పింది. నా కుర్చీలో కూర్చుంటే ఆమె కనపడదు, ఆమెకు నేను కనపడను. తలుపు తీసి ఉంటే మాట మాత్రం వినపడుతుంది. నాకు అది చాలు.

"ఏమే, ఇయ్యాల ఏం విత్తుదాం?"

"నీ తలకాయ విత్తు."

"అది మొలకెత్తదే, పుచ్చిపోయింది. ఉల్లిగడ్డలున్నయి, ఆలుగడ్డలున్నయి. అన్ని మడులల్ల ఉల్లిగడ్డనే నొక్కిన."

గదిలోంచి మంచం కిర్రుమంది. "అన్నిట్ల ఒక్కటే పంటనా? పురుగు పడితె ఏం తింటవ్? సగం జొన్న వెయ్యి."

జొన్న ఏదో నాకు తెలియలేదు. బంగారు రంగులో నిలువుగా కంకి ఉన్న బొమ్మ ఒకటి కనిపించింది. అది గోధుమ అంది మనీషా. "మా వంశంల గోధుమ పండించినోడెవడు? అది జొన్ననే," అంది తారాబాయి లోపలి నుంచి, చూడకుండానే. అప్పటి నుంచి మా ఇంట్లో అది జొన్న.

మొదటి కోతనాడు వచ్చింది తంటా.

"కోస్తున్నవా?"

"కోస్తున్న. కొడవలి కూడ అక్కర్లేదు, వేలితో నొక్కితె గడ్డివాము ఇంట్లకొచ్చి పడుతున్నది."

"మూలమడి ఇడువు."

"ఎందుకే?"

"ఎందుకేంది? పిట్టల పాలు. మొదటి కోతకు మూలమడి వాటికి ఇడుస్తమా లేదా? మీ అమ్మ పెట్టిన ఆనవాయితీనే కద."

మా అమ్మ పెట్టిందే. చేను కోసేటప్పుడు ఈశాన్యం మూలన నాలుగు మూరల జొన్న కోయకుండా వదిలేది. 'ఏడాది పొడుగున కొట్టి తరిమితిమి, ఒక్కనాడన్న పిలిచి పెట్టాలె కద' అనేది. తారాబాయి కోడలిగా వచ్చి ఆ మూలను ఇంకో మూర పెంచింది.

"దీంట్ల పిట్టలే లేవు కదనే," అన్నాను.

"ఉన్నా లేకున్నా ఇడువు. రానోళ్ల విస్తరి కూడ ఒకటి వెయ్యాలె."

వదిలాను. అక్కడే మా సేద్యానికి కళ్లెం పడింది. ఆ ఆటలో ఒక నియమం ఉంది. ఉన్న మడులన్నీ ఖాళీ చేస్తేనే పక్క చేను తెరుచుకుంటుంది. ఆ చేనులో కోళ్లూ బర్రెలూ ట్రాక్టరూ ఉంటాయట. మనీషా నెత్తి కొట్టుకుంది.

"తాతా, ఒక్క మడి! ఒక్కటి నొక్కితె ట్రాక్టరొస్తది. నా దోస్తులు తొంభయ్యో మెట్టు మీద ఉన్నరు. మీరిద్దరు రెండో మెట్టు మీద కూసున్నరు."

"మీ నానమ్మనడుగు."

"నానమ్మా!"

"పిట్టల నోటికాడిది గుంజుకుంటె వచ్చే ట్రాక్టరు నాకొద్దు బిడ్డా."

అట్లా మా మూలమడిలో జొన్న పండి, ఎండి, ఎవరూ ముట్టకుండా నిలబడింది. రోజూ తెర మీద ఆ మడి దగ్గర ఒక చిన్న గంట ఊగేది, కోయి కోయి అని. సాయంత్రం మనీషా కాలేజీ నుంచి వచ్చి పుస్తకాల సంచి దించగానే, లోపలి నుంచి తారాబాయి అడిగేది: "బిడ్డా, మూలమడి అట్లనే ఉన్నదా?" మనీషా తెరవైపు చూసి, "అట్లనే ఉన్నది నానమ్మా" అనేది. పాపం, పిట్టల వాటా నేనెక్కడ కోసేస్తానో అని ఆమె కాపలా కాస్తుందనుకున్నాను.

ఇక పదకొండు లక్షల సంగతి. రెండో మెట్టు మీద కూర్చున్నవాడికి లక్షలు ఎక్కడివి? పదకొండు వేలని చదువుకోండి. అందులోనూ నేను నొక్కిందే తప్ప, ఏ మడిలో ఏది వేయాలో చెప్పిందంతా ఆమె.

వినాయక చవితి వెళ్లాక ఆమె అది కూడా చెప్పడం మానేసింది. నేను ఎన్ని అడిగినా జవాబు లేదు. తిట్టు కూడా లేదు. తిట్టులేని ఇల్లు నాకు కొత్త. ఒకరోజు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా గాలిపరుపు గురక ఒక్కటే వినపడింది. నాకు భయం వేసింది. భయం వేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నేను అబద్ధాన్ని తలుచుకున్నాను.

"ఏమే! చిలకలొచ్చినయే!"

మంచం కిర్రుమంది. తర్వాత సన్నగా ఒక గొంతు. "ఎన్ని?"

"రెండు."

"రెండొచ్చినయంటె ఎనక గుంపుంటది. ఏం జూస్తున్నవ్? అరువు!"

నేను కుర్చీలోంచి లేచి, ల్యాప్‌టాప్ మీదికి వంగి, "హోయ్! హోయ్!" అని ఊరు అదిరేలా అరిచాను. మా కొడుకు వీరేందర్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. లుంగీ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది బాపు?"

"చిలకలు."

వాడు నన్ను చూశాడు. తెరను చూశాడు. లోపలి గదిలోంచి, "గట్ల కాదు, కడుపుల నుంచి అరువు!" అని వాళ్లమ్మ గొంతు విన్నాడు. మెల్లగా వెళ్లి పడుకున్నాడు. కానీ పడుకునే ముందు గది తలుపు ఇంకాస్త తెరిచి పెట్టి వెళ్లాడు.

అప్పటి నుంచి రోజూ పిట్టలే. మరునాడు చిలకలు పదయ్యాయి. ఆ మరునాడు గువ్వలు. శుక్రవారం ఒక నెమలి కూడా దిగింది.

"నెమలా? ఏం జేస్తున్నది?"

"ఏం జెయ్యలే. గట్టు మీద కూసోని, 'ఈ చేను తారాబాయిదేనా?' అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

"అవునన్న. అయితె తినను అని ఎళ్లిపోయింది."

లోపల చిన్న నవ్వు వినపడింది. నవ్వో, దగ్గో. నేను నవ్వనే అనుకున్నాను. ఆ వారం ఆమె గోడ నుంచి వెల్లకిలా తిరిగిందనీ, ఆ తర్వాత తలుపువైపు తిరిగి పడుకుంటుందనీ ఎవాంజెలిన్ చెప్పింది.

"ఒకసారి వచ్చి జూడరాదే," అన్నాను ఒకనాడు, ఏమీ ఎరగనట్టు.

"నా కాలు సంగతి నీకు తెల్వదా?"

"పన్నెండడుగులేనే."

"నీకు పన్నెండు. నాకు శ్రీశైలం."

బతుకమ్మకు నాలుగు రోజులుందనగా, ఎవాంజెలిన్ కసరత్తు ముగించి వెళ్తూ గేటు దగ్గర ఆగింది. స్కూటీ ఎక్కలేదు. హెల్మెట్‌ను రెండు చేతుల్లో తిప్పుతూ నిలబడింది.

"తాతా, వచ్చే సోమవారం నుంచి నేను రాను. మా ఆఫీసోళ్లు వేరే పేషెంటు ఇల్లు చెప్పిన్రు."

"నువ్వు రాకపోతె ఎట్ల బిడ్డా?"

"వచ్చి ఏం జేస్తున్న తాతా? ఎముక మంచిగనే అతికింది. అవ్వ మనసుల భయం అతుక్కుంది. నేను గుంజితె లేస్తలేదు. తనంతట తను లేవాలె." మెల్లగా అంది: "మడతబెట్టే చక్రాల కుర్చీలుంటయి. వీరేందరన్నతోని చెప్పి ఒకటి జూడుండ్రి. గడప కూడ తీసేయించుకుంటె మంచిది. బాధపడకు తాతా, చెప్పకపోతె తప్పయితదని చెప్పిన."

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వెళ్లింది. నేను లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. మేమిద్దరం తప్ప ఇంట్లో ఎవరూ లేరు. కోడలు డ్యూటీలో, కొడుకు బండి మీద, మనవరాలు కాలేజీలో.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. ఆ మధ్యాహ్నం నిజంగానే పిట్టలు వచ్చాయి. తెర మూల నుంచి మొదట ఒక చుక్క. చూస్తూండగానే మబ్బు పట్టినట్టు చేను మీద నల్లగా కమ్ముకున్నాయి. చిలకలు, గువ్వలు, పిచ్చుకలు, నేను పేరెరగనివి ఇంకెన్నో. నా అరుపుకు ఒక్కటీ కదల్లేదు.

"ఏమే! చేనంత పాయె! నా తోని కాదే, నువ్వు రావాలె!" అని అరిచాను.

లోపల మంచం కిర్రుమంది. తర్వాత టక్ మని ఒక చప్పుడు. మళ్లీ టక్. వాకరు నేలకు తగిలే చప్పుడు నాకు తెలుసు, ఎవాంజెలిన్ ఖాళీది ఎత్తి పెట్టినప్పుడల్లా విన్నాను. ఇది ఖాళీది కాదు. టక్. కాసేపు ఏమీ లేదు. టక్. నేను తల తిప్పలేదు. తిప్పితే ఆగిపోతుందేమోనని తెరవైపే చూస్తూ కూర్చున్నాను.

గడప దగ్గర నిలబడి, "హోయ్!" అంది తారాబాయి.

చేను మీది పిట్టలన్నీ ఒక్కసారే లేచి పోయాయి. అదే క్షణంలో మా ఇంటి మీదుగా దిగుతున్న విమానం కూడా ఉలిక్కిపడి, మళ్లీ పైకి లేచి, ఊరు చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చి దిగింది.

నేను కుర్చీ ఖాళీ చేశాను. ఆమె వచ్చి కూర్చుంది. ఆయాసపడుతోంది. వాకరు మీద పొద్దున ఆరేసిన తువ్వాల ఇంకా అట్లాగే వేలాడుతోంది. దాంతోనే ముఖం తుడుచుకుంది. తెరమీది మడులన్నీ ఒక్కొక్కటే చూసింది. మూలమడి దగ్గర చూపు ఆగింది.

శనివారం ఎవాంజెలిన్ చివరిసారి వచ్చి హాల్లో ఆమెను చూసి, చెప్పులు విడవడం మరిచిపోయి లోపలికి వచ్చేసింది. దసరానాడు తారాబాయి వాకరు పట్టుకుని గేటు దాకా నడిచింది. ఎవాంజెలిన్ కూడా వచ్చి, జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు దండం పెట్టింది. ఇప్పుడు ఆ వాకరు కూడా లేదు, చేతికర్ర ఉంది. నా కుర్చీ నాకు మళ్లీ దక్కలేదు. సేద్యమంతా ఆమెదే. చేనుకు ఇరుపక్కలా ఆలుగడ్డ, నడుమ జొన్న, చూస్తే కళ్లకు పండుగ. మూలమడి మాత్రం ఇంతవరకూ కోయలేదు. మనీషా ట్రాక్టరు మీద ఆశ వదులుకుంది.

కథ అయిపోయింది. కానీ మా అమ్మ పిట్టల వాటా వదిలినట్టు, కథ చెప్పేవాడు కూడా నిజానికి ఒక మూల వదలాలి. చీర ఢిల్లీకి పోవడం నిజం. విమానం తిరిగి లేవడం కూడా నిజమే, కావాలంటే అందులో కూర్చున్నవాళ్లను అడగండి. నేను కల్పించింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం పిట్టలు రాలేదు. నేను అరవలేదు.

గేటు దగ్గర నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నాను, అంతవరకే నిజం. వేలు కదపలేదు. ఎవరూ ముట్టకపోయేసరికి తెర దానంతట అదే నల్లబడింది. అందులో నా ముఖం కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా నోటికి ఒక్క మాటా అందలేదు. ఎంతసేపు అట్లా కూర్చున్నానో తెలియదు. టక్ మన్నప్పుడు తల తిప్పలేదన్నాను కదా, అది ధైర్యం వల్ల కాదు. కళ్లు నిండి ఉన్నాయి, ఆమెకు చూపించలేక.

"ఏందయ్యా," అంది గడప దగ్గర నుంచి. "సప్పుడు లేదు?"

నేను పలకలేదు.

"యాభై రెండేండ్లు మూయమంటె మూయకపోతివి. ఇయ్యాల ఏమొచ్చె? నీకేమన్న అయిందేమోనని నా పానం ఆగలే."

"పిట్టలు..." అన్నాను ఎట్లాగో.

"ఏడున్నయి పిట్టలు? మూలమడి అట్లనే ఉన్నదని పిల్ల రోజు చెప్తనే ఉన్నది. పిట్ట దిగితె మొదలు ఆడనే దిగుతది."

"తెలిసి మరి అరువుమంటివి?"

"అరువనీ అని. నీ గొంతు ఇనవడితె నాకు కన్నంటుకునేది."

కుర్చీ లాగి ఇచ్చాను. కూర్చుని, తువ్వాలతో ముందు నా ముఖం తుడిచింది, తర్వాత తనది తుడుచుకుంది. కాలు నొప్పికి కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత కళ్లు తెరవకుండానే అంది.

"ఇగ చెప్పు."

"ఏం జెప్పాలె?"

"ఏదో ఒకటి. ఆ నెమలి మళ్లొచ్చిందా?"

వచ్చిందన్నాను.